ఇంట్లో చేసుకునే సీరమ్‌లో విటమిన్ సి మార్చడానికి ఆరు నెలలు: నా అనుభవం

సీరమ్‌లో ఒక పొడి తీసేసి దాని స్థానంలో ఇంకో పొడి వెయ్యడానికి నాకు మార్చి నుంచి ఆగస్టు దాకా పట్టింది. పొడి మార్చడం ఐదు నిమిషాల పనే. కానీ అది మారగానే దాని వెనకే శాతం మారింది, పీహెచ్ (ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) మారింది, చిక్కదనానికి వేసేది మారింది, ఆఖరికి పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్ కూడా మార్చాల్సి వచ్చింది. వీడియోల్లో మాత్రం "ఎల్-ఆస్కార్బిక్ (విటమిన్ సి అసలు రూపం) పడకపోతే ఎస్ఏపీ (దాని స్థిరమైన రకం) వేసుకోండి" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి సంగతికి వెళ్లిపోతారు. ఆ ఒక్క ముక్క వెనక ఎంత పని ఉందో, ఎంత ఖర్చయిందో, ఎన్ని రోజులు ఎదురు చూడాల్సి వచ్చిందో రాస్తున్నా.

మాది విజయవాడ. రెండో కాన్పు తర్వాత నాకు రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. కిందటి శీతాకాలం నుంచి విటమిన్ సి సీరమ్ ఇంట్లోనే చేసుకుంటున్నా, ఎందుకంటే బయట ముప్పై మిల్లీలీటర్ల సీసా కొనాలంటే నేను చూసినంతలో ఆరేడు వందలు, మంచిదంటే వేలల్లో. నా ఫార్ములా పెద్ద గొప్పదేం కాదు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2005లో ప్రచురించిన 15 శాతం ఎల్-ఆస్కార్బిక్ ఆసిడ్, 1 శాతం విటమిన్ ఈ, అర శాతం ఫెరూలిక్ ఆసిడ్ అనే లెక్క అందరికీ తెలిసిందే, దాన్నే కొంచెం తగ్గించి ఆస్కార్బిక్ 10 శాతం చేశాను. మిగతావి గ్లిజరిన్, చిక్కదనానికి కొంచెం క్సాంథన్ గమ్, ప్రిజర్వేటివ్‌లుగా సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్, ఇక డిస్టిల్డ్ వాటర్. పీహెచ్ 3 దగ్గర. రాసుకుంటే రెండు నిమిషాలు చురచురమనేది, ఆ తర్వాత మామూలే. సంక్రాంతి అప్పుడు చేసిన సీసా నెల రోజులైనా నీళ్లలా తేటగానే ఉంది.

మార్చి మధ్యలో చేసినది పది రోజులు తిరక్కుండానే లేత పసుపు, అక్కడి నుంచి వారంలో పల్చటి టీ డికాక్షన్ రంగు. ఎల్-ఆస్కార్బిక్ నీళ్లలో ఉంటే గాలి తగిలి ఆక్సిడైజ్ అవుతుంది, వేడి ఉంటే ఇంకా తొందరగా అవుతుంది, ఇది తెలిసిందే. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు కదా అంటారు. పెట్టాను. మా ఫ్రిజ్ డోరు రోజుకి ఎన్నిసార్లు తీస్తారో ఇద్దరు పిల్లలున్న వాళ్లకి చెప్పక్కర్లేదు, పైగా ఏప్రిల్‌లో మధ్యాహ్నాలు కరెంటు పోవడం మొదలైంది. ఫ్రిజ్‌లో ఉన్నా రెండు వారాలకి మించి ఆగలేదు. రంగు మారిన సీరమ్ పారబొయ్యడం కంటే నాకు ఎక్కువ విసుగు తెప్పించింది ఏమిటంటే, అది ఏ రోజు నుంచి పని చెయ్యడం మానేసిందో తెలియకపోవడం. ముఖం మీద రాసుకుంటూనే ఉంటాం, అందులో ఏముందో తెలీదు.

సరే, స్థిరంగా ఉండే రకానికి మారదామనుకున్నా. నాకు అందుబాటులో కనిపించినవి నాలుగు: సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, అంటే ఎస్ఏపీ. మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, అంటే ఎంఏపీ. ఈథైల్ ఆస్కార్బిక్ ఆసిడ్. ఆస్కార్బిల్ గ్లూకోసైడ్. నూనెలో కరిగే రకం కూడా ఉంది కానీ నాది నీళ్ల సీరమ్, దాని కోసం మొత్తం క్రీమ్‌గా మార్చాలి, ధర చూసి అటు వెళ్లలేదు. ఎస్ఏపీ చవక, ఆర్డర్ పెట్టాను. యాభై గ్రాములు దాదాపు ఐదొందలు, కొరియర్ వందకి కాస్త తక్కువ. ఆ అమ్మే అతను ఫోన్ చేసి "మేడమ్, ఎస్ఏపీ స్టాక్ లేదు, ఎంఏపీ పంపిస్తా, రెండూ ఒకటే" అన్నాడు. ఒకటి కాదు. ఒకటి సోడియం ఉప్పు, ఇంకోటి మెగ్నీషియం ఉప్పు, కరిగే తీరు వేరు, ఏ పీహెచ్‌లో ఉంచాలో వేరు. వద్దని చెప్పి ఇంకో చోట పెట్టాను. ఆ రెండో చోటు ముంబై, రావడానికి వారం పైన పట్టింది. వచ్చిన సంచి మీద బ్యాచ్ నంబరు ఉంది, తేదీ లేదు. మెయిల్ పెట్టి ఆ బ్యాచ్ పరీక్ష రిపోర్టు అడిగితే నాలుగైదు రోజులకి పంపారు. అడగకపోతే పంపరు, అడిగితే చాలామంది పంపుతారు, మొహమాటపడకండి.

ఎంత వెయ్యాలి అన్నది మొదటి చిక్కు. పాత లెక్క 10 శాతం కదా. మా మరిది బీఫార్మసీ చదివి హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తున్నాడు, ఫోన్‌లో అడిగితే అణుభారం లెక్క చెప్పాడు. ఆస్కార్బిక్ ఆసిడ్ 176, ఎస్ఏపీ 322. అంటే ఒక గ్రాము విటమిన్ సి కావాలంటే 1.8 గ్రాముల పైన ఎస్ఏపీ వెయ్యాలి. ఆ లెక్కన నా 10 శాతానికి సమానం 18 శాతం! సంచి మీదేమో గరిష్ఠం 5 శాతం అని ఉంది. "వదినా, ఇది ఉప్పుకి ఉప్పు తూచి వేసే లెక్క కాదు, చర్మంలోకి వెళ్లాక ఆ ఫాస్ఫేట్ ముక్క ఊడితేనే అది విటమిన్ సి అవుతుంది, ఎంత ఊడుతుందో మన కాటా చెప్పదు, కంపెనీ వాళ్లు పరీక్షించి రాసిన శాతమే పట్టుకోండి" అన్నాడు. 5 శాతానికి ఫిక్స్ అయ్యాను. మనసులో మాత్రం పది నుంచి ఐదుకి దిగిపోయానే అన్న వెలితి చాలా రోజులు పోలేదు, అంకె తగ్గితే పని కూడా తగ్గుతుందనిపిస్తుంది కదా.

ఏప్రిల్ మూడో వారంలో ఒక ఆదివారం, పిల్లలు పడుకున్నాక మొదలుపెట్టాను. ఒక వీడియోలో షాపులో దొరికే కలబంద జెల్‌లో ఎస్ఏపీ కలిపేసి పది సెకన్లలో సీరమ్ రెడీ అని చూపించారు. ముందు అదే కొంచెం చేసి చూద్దామని చిన్న గిన్నెలో ఇరవై గ్రాముల జెల్ తీసుకుని ఒక గ్రాము పొడి వేసి తిప్పాను. గట్టిగా చెంచాకి అంటుకునే జెల్ నా కళ్ల ముందే నీరుగారిపోయింది. జావ కూడా కాదు, నీళ్లే. పొడి నకిలీదేమో అని గుండె ఝల్లుమంది, ఐదొందలు పోయాయనుకున్నా. రాత్రి పదిన్నరకి మళ్లీ మరిదికి వీడియో కాల్. నవ్వి, "ఇంకొంచెం జెల్ తీసుకుని దాంట్లో వంటింటి ఉప్పు చిటికెడు వెయ్యండి" అన్నాడు. వేస్తే అదీ నీళ్లయింది. షాపు జెల్స్ చాలావాటిలో చిక్కదనానికి కార్బొమర్ వేస్తారట, దానికి ఉప్పు పడదు, ఎస్ఏపీ కూడా ఒక ఉప్పే కాబట్టి అదే జరిగింది. నా పాత ఫార్ములాలో చిక్కదనం క్సాంథన్ గమ్‌ది, అందుకని ఈ గొడవ ఎప్పుడూ రాలేదు. క్సాంథన్ గమ్ ఉప్పుని చాలావరకు తట్టుకుంటుంది. కాబట్టి కలబంద జెల్ దారి వదిలేసి పాత పద్ధతికే వచ్చాను. క్సాంథన్ కొత్తగా వాడేవాళ్లకి ఒక మాట: నేరుగా నీళ్లలో చల్లితే ఉండలు కడుతుంది, ముందు గ్లిజరిన్‌లో కలిపి ఆ ముద్దని నీళ్లలో వేసి తిప్పండి. నేను కాఫీ నురగ తెప్పించే బ్యాటరీ బ్లెండరు వాడతా, రెండొందల చిల్లర.

తర్వాతది పీహెచ్. ఎల్-ఆస్కార్బిక్ నీళ్లలో వేస్తే పీహెచ్ రెండు దగ్గరికి పడిపోతుంది, దాన్ని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్కలు వేసి 3కి తీసుకురావడం నాకు అలవాటు. ఎస్ఏపీ దానికి పూర్తిగా తిరగబడింది. కరిగించి చూస్తే 9 దాటి చూపిస్తోంది. ఇన్నాళ్లూ పైకి లాగేదాన్ని, ఇప్పుడు సిట్రిక్ ఆసిడ్ వేసి కిందికి లాగాలి, అదీ 6కి కిందకి పోకుండా, ఎందుకంటే ఆమ్లం ఎక్కువైతే ఎస్ఏపీ నిలవదు. ఇక్కడ పీహెచ్ కాగితాలతో నానా అవస్థ పడ్డాను. ఆరుకీ ఏడుకీ మధ్య రంగు తేడా ట్యూబులైటు వెలుతురులో నాకు కనిపించలేదు, మా ఆయన్ని అడిగితే ఆయన ఒకటి చెప్తారు, మా అత్తగారు ఇంకోటి చెప్తారు. చివరికి ఏడొందలు పెట్టి పెన్నులా ఉండే పీహెచ్ మీటరు కొన్నాను. దాంతో పాటు చిన్న పొట్లాలు వస్తాయి, 4.01, 6.86 అని రాసి ఉంటాయి, వాటిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి మీటరుని సరిచూసుకోవాలి. సరిచూడకుండా వాడిన మొదటి రోజు అది మా మంచినీళ్లని 5 అని చూపించింది, కాబట్టి ఆ పొట్లాలు పారేయకండి. సిట్రిక్ ఆసిడ్ కూడా పొడిగా వెయ్యకుండా పది శాతం ద్రావణం చేసుకుని చుక్కలుగా వెయ్యాలి. కాసేపు కదలదు, కదలదు, ఒక్కసారిగా జారుతుంది. 6.8 దగ్గర ఆపాను.

డిస్టిల్డ్ వాటర్ కోసం కూడా తిరిగాను. బ్యాటరీ షాపులో "ఇదే డిస్టిల్డ్ వాటరమ్మా" అని ఇస్తారు, అది ముఖానికి కాదు. ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో ఐదు లీటర్ల క్యాను దొరికింది, గవర్నరుపేట ఎండలో దాన్ని స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాను.

ఇక ప్రిజర్వేటివ్. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇదే, ఎక్కడా చెప్పనిది కూడా ఇదే. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ రెండూ ఆమ్లంలోనే పనిచేస్తాయి. బెంజోయేట్ అయితే బెంజోయిక్ ఆసిడ్ రూపంలో ఉన్నప్పుడే సూక్ష్మజీవుల్ని ఆపుతుంది, పీహెచ్ 3 దగ్గర నూటికి తొంభై పైగా ఆ రూపంలోనే ఉంటుంది. 6.8 దగ్గర నూటికి ఒక పాలు కూడా ఉండదు. మరిది ఫోన్‌లో ఈ లెక్క వేసి చెప్పేసరికి నాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే ఆన్‌లైన్‌లో చూసిన ఎస్ఏపీ ఫార్ములాల్లో చాలావాటిలో అవే రెండూ ఉన్నాయి, కొన్నిటిలో "సహజమైన ప్రిజర్వేటివ్" అని గొప్పగా కూడా రాశారు. నిజంగా ఏమవుతుందో చూద్దామని పాత ప్రిజర్వేటివ్‌తో ఒక చిన్న సీసా, ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిసిన కొత్త ప్రిజర్వేటివ్ ద్రవం ఒక శాతం వేసి ఇంకో చిన్న సీసా చేసి, రెండిటికీ చీటీలు అంటించి వంటింటి అలమరలో పెట్టాను. ముఖానికి రాయలేదు. రోజూ మూత తీసి వేలు ముంచి మూత పెట్టేదాన్ని, మామూలుగా వాడినట్టే ఉండాలని. జూన్‌లో మొదటి వానలు పడే సమయానికి పాతదాని అడుగున బూడిద రంగు దూదిపోగు లాంటిది కనిపించింది, మూత తీస్తే ముక్కిన వాసన. రెండోది బాగానే ఉంది. బాగానే ఉంది అంటే కంటికి, ముక్కుకి బాగానే ఉంది. కంటికి కనపడకుండా బాక్టీరియా ఉండొచ్చు, అది తెలుసుకోవాలంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి, దానికయ్యే డబ్బు అడిగి ఊరుకున్నాను. అందుకే ఒక్కోసారి యాభై గ్రాములకి మించి చెయ్యను.

కొన్ని చేరినట్టే కొన్ని పోయాయి కూడా. ఫెరూలిక్ ఆసిడ్, విటమిన్ ఈ ఇక అక్కర్లేదు, అవి ఎల్-ఆస్కార్బిక్‌ని కాపాడటానికి వేసినవి. నీళ్లలో కరగని ఫెరూలిక్‌ని గ్లైకాల్‌లో వేసి వేడి చేస్తూ కూర్చునే అరగంట మిగిలింది. ఆ అరగంట పోయినందుకు నేనెంత సంతోషించానో చెప్పలేను.

మే మొదటి వారం నుంచి ఎస్ఏపీ సీరమ్ రాత్రిపూట రాయడం మొదలుపెట్టాను. ముందు చెవి వెనక, మోచేతి మడతలో రెండు రోజులు రాసి చూశాక. చురచుర అసలు లేదు. రంగు మారలేదు, కరెంటు పోయినా బెంగ లేదు, రోహిణి కార్తె ఎండల్లో కూడా అలమరలో తేటగా ఉంది. కానీ ఆరాక ముఖం మీద తెల్లటి పొరలా వచ్చేది, చేత్తో రుద్దితే చిన్న చిన్న ఉండలు. నుదుటి మీద ఎప్పుడూ వచ్చే చిన్న మొటిమలు మాత్రం నెల తిరిగేసరికి తగ్గాయి, ఎస్ఏపీ మొటిమలకి పనిచేస్తుందని చదివాను, నాకు పనిచేసింది. మంగు మీద? ఏమీ లేదు. జూన్ ఆఖరుకి కూడా అంతే. ఏడుపొచ్చింది, నిజంగానే. ఆమ్లం మంట భరించినన్నాళ్లూ ఏదో జరుగుతోందన్న ధైర్యం ఉండేది, మంట లేకపోయేసరికి ఆ ధైర్యమూ పోయింది.

ఈ మధ్యలో మా ఇంట్లో ఇంకో మార్పిడి జరిగింది, దాని గురించి తప్పకుండా చెప్పాలి. మా తోడికోడలు, అంటే ఈ మరిది భార్యే, వేసవికి చంటిబిడ్డతో మా ఇంటికొచ్చింది. పెళ్లికి ముందు నుంచీ ముడతలకీ మచ్చలకీ రాసుకునే రెటినాల్ (విటమిన్ ఏ రకం) వాడేది, గర్భం అని తెలియగానే డాక్టరు మాన్పించారు, ఇప్పుడు పాలిస్తోంది కాబట్టి ఇంకా మొదలుపెట్టలేదు. రెటినాల్ బదులు బకూచియాల్ వాడొచ్చని ఎక్కడో చదివింది. అది నిజమే, 2019లో ఒక పెద్ద చర్మవ్యాధుల పత్రికలో 44 మంది మీద 12 వారాలు చేసిన పరీక్ష వచ్చింది, అర శాతం బకూచియాల్, అర శాతం రెటినాల్ పోల్చి చూస్తే ముడతలు, మచ్చల విషయంలో రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి. అయితే బకూచియాల్ అంటే బావంచాలు అనే మూలిక గింజల నుంచి తీసేది అని చదివి ఆ పిల్ల ఆయుర్వేదం షాపులో బావంచాల నూనె సీసా తెచ్చుకుంది. వంద మిల్లీలీటర్లు రెండొందల చిల్లర. ఆ ధరే నాకు అనుమానం తెప్పించింది. శుద్ధి చేసిన బకూచియాల్ పది మిల్లీలీటర్లే వెయ్యికి పైన చూశాను నేను.

అప్పటికే ఆలస్యమైంది. "ముఖానికి రాయలేదక్కా, నువ్వు చెప్పినట్టే ముందు చేతికి రాసి చూస్తున్నా" అంది. మంచి పనే చేసింది. కానీ ఆ చేత్తోనే పొద్దున్నే డాబా మీదకెళ్లి మా అత్తగారితో కలిసి వడియాలు పెట్టింది, మే నెల ఎండలో, పది దాటేదాకా. ఆ రోజంతా ఏమీ లేదు. రెండో రోజు పొద్దున ముంజేయి మీద నూనె రాసిన మేర ఎర్రగా కందిపోయి ఉంది, సాయంత్రానికి బొబ్బలు. బావంచాల్లో సోరాలెన్లు అనేవి ఉంటాయి, అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు అవుతుంది, అందుకే బొల్లికి వాటిని ఎండతో కలిపి వాడతారు. శుద్ధి చేసిన బకూచియాల్‌లో ఆ సోరాలెన్లు తీసేసి ఉంటాయి, గానుగ నూనెలో ఉంటాయి. చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, ఫీజు ఆరొందలు, ఆయింట్‌మెంటు ఇచ్చి ఎండ తగలకుండా చూసుకోమన్నారు. బొబ్బలు వారంలో తగ్గాయి. నల్లటి మచ్చ మాత్రం రాఖీ పండగ నాటికి కూడా పూర్తిగా పోలేదు. అది ముఖం మీద అయ్యుంటే అని తలుచుకుంటేనే భయం వేస్తుంది. మోచేతి మడతలో రాసి చీర చెంగు కింద దాచుకునే పరీక్షలో ఇలాంటిది బయటపడదు, అది ఎండ చూడలేదు కాబట్టి. ఇక బకూచియాల్ సంగతి, పాలిచ్చే తల్లుల మీద పరీక్షలు లేవు కాబట్టి ఇప్పుడు అదీ వద్దు అన్నారు డాక్టరు.

అదే రోజు నా బుగ్గలు కూడా చూపించాను, ఇంకో ఆరొందలు. నేను రాసుకునే సీరమ్‌ల చిట్టా అంతా విని, "సన్‌స్క్రీన్ ఎంత రాస్తున్నారు?" అని అడిగారు ఆవిడ. చూపించాను, వేలి చివర బటాణీ గింజంత. రెండు వేళ్ల పొడవునా రాయాలట ముఖానికీ మెడకీ కలిపి. పైగా మంగుకి ఎండలోని అతినీల కిరణాలే కాదు, మామూలు వెలుతురు కూడా పడదని, ఐరన్ ఆక్సైడ్ ఉన్న, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ తీసుకోమని రాసిచ్చారు. "సన్‌స్క్రీన్ మాత్రం ఇంట్లో చెయ్యకండి" అని కూడా అన్నారు, నాకు ఆ ఆలోచన లేదులెండి.

సీరమ్ విషయంలో నేను ఆగలేదు. ఈథైల్ ఆస్కార్బిక్ ఆసిడ్ ఒకసారి చూడాలనిపించింది. అణుభారం 204, అంటే ఆస్కార్బిక్‌కి దగ్గరలోనే ఉంటుంది, ఉప్పు కాదు, పీహెచ్ ఐదు లోపల పెట్టుకోవచ్చు. స్టాక్ లేదని మూడు వారాల పైన తిప్పారు, జులై రెండో వారంలో వచ్చింది. పది గ్రాములు నాలుగొందల యాభై. ఖరీదే, కానీ వేసేది మూడు శాతమే. ఇప్పుడు యాభై గ్రాములకి నేను చేసేది ఇది: గ్లిజరిన్ రెండున్నర గ్రాములు, ప్రొపేన్‌డయాల్ (గ్లిజరిన్ లాంటి ద్రవం) రెండున్నర, ఈథైల్ ఆస్కార్బిక్ ఒకటిన్నర, క్సాంథన్ గమ్ 0.15, ఈడీటీఏ (నీళ్లలోని లోహాల్ని పట్టి ఉంచే పొడి) 0.05, ఆ కొత్త ప్రిజర్వేటివ్ అర గ్రాము, మిగతా 42.8 డిస్టిల్డ్ వాటర్, పీహెచ్ సర్దే చుక్కలు ఆ నీళ్లలోంచే లెక్క. పీహెచ్ 4.8 దగ్గర పెడుతున్నా. ఇంత తక్కువ తూకాలకి వంటింటి కాటా పనికిరాదు, రెండు దశాంశాలు చూపించే నగల కాటా కావాలి, ఐదొందల లోపే దొరుకుతుంది. అది కూడా 0.05 దగ్గర తడబడుతుంది, అందుకే ఈడీటీఏని ముందే ఎక్కువ నీళ్లలో కరిగించి పెట్టుకుని ఆ నీళ్లు తూచి పోస్తాను.

పీహెచ్ ఇంత కిందకొచ్చింది కదా, పాత బెంజోయేట్ మళ్లీ వాడొచ్చు కదా అనుకుంటారు. నేనూ అనుకున్నా. లెక్క వేస్తే 4.8 దగ్గర బెంజోయిక్ రూపంలో నూటికి ఇరవై దాకానే ఉంటుంది, మా ఊరి ఉక్కపోతలో దాన్ని నమ్మబుద్ధి కాలేదు. ఫినాక్సీఇథనాల్‌దే ఉంచాను.

జులై నెలాఖరు నుంచి ఇదే రాస్తున్నా. తెల్ల పొర లేదు, చాలా కొద్దిగా చురుక్కుమంటుంది, అలవాటైపోయింది. ఆగస్టు ఆఖరుకి సీసా రంగు ఎంతో లేత పసుపు, పక్కన నీళ్ల గ్లాసు పెట్టి చూస్తేనే తెలుస్తోంది. మంగు ఎడమ బుగ్గ మీద కొంచెం పలచబడింది. ఇది సీరమ్ వల్లా, రెండు వేళ్ల సన్‌స్క్రీన్ వల్లా అంటే నా లెక్కలో ముప్పాతిక వంతు సన్‌స్క్రీన్ వల్లే. రెండూ కలిపి వాడుతున్నాను కాబట్టి విడదీసి చెప్పే దారి లేదు. నుదుటి మొటిమలు ఒకటీ రెండూ మళ్లీ మొహం చూపించాయి, అవి ఎక్కువైన వారం మిగిలిన ఎస్ఏపీ సీసా బయటికి తీస్తున్నా.

ఖర్చు మొత్తం కూడితే, మీటరు, కాటా, పొడులు, కొరియర్లు, పారబోసినవి, డాక్టరు ఫీజులు అన్నీ కలిపి ఐదు వేలు దాటింది. ఆదా కోసం మొదలుపెట్టే వాళ్లు ఈ అంకె చూసుకుని మొదలుపెట్టండి. ఇప్పటి నుంచి చేసుకునే సీసా మాత్రం నూట యాభై లోపే పడుతుంది, మీటరు ఇంకో ఏడాది పనిచేస్తే.

మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు ఆంటీలు "మాకూ చేసివ్వమ్మా, డబ్బులిస్తాం" అని అడుగుతున్నారు. అమ్మడానికి తయారు చెయ్యాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర అధికారుల దగ్గర లైసెన్స్ తీసుకోవాలి, వంటింట్లో చేసి సీసాకింత అని అమ్మే పని కాదు. ఊరికే ఇవ్వమన్నా ఇవ్వట్లేదు. మొన్న మూడో అంతస్తు ఆంటీ మా అత్తగారితో "మీ కోడలికి పిసినారితనం ఎక్కువ" అందట. మా అత్తగారు ఆవిడకి తోడికోడలి ముంజేయి ఫొటో చూపించి వచ్చారు.